తీతువు గీసిన హద్దు

ఓబుళయ్య బాధ వంకాయల గురించి.

పాలవాగు పక్కనున్న మఠంలో వంటా, తోటా రెండూ అతనివే. మిట్టమీది తోటలో గుమ్మడి తప్ప మరేదీ కాసేది కాదు. పగలు గుమ్మడికాయ పులుసు, రాత్రి గుమ్మడికాయ కూర, పండగొస్తే గుమ్మడికాయ పాయసం. మఠం పెద్ద బసవలింగస్వామి ఏది పెట్టినా తినేసి, "బాగుంది నాయనా" అనేవారు. ఆ మాటే ఓబుళయ్యను కాల్చుకు తినేది. ఒక్కనాడైనా బాగాలేదంటే కాస్త నిద్ర పట్టేది. పెద్దాయన నోటికి ఓ లేత వంకాయ అందించలేని శిష్యరికం ఎందుకు అనుకునేవాడు. వంకాయంటే తనకూ ప్రాణమన్న సంగతి మాత్రం ఈ బాధలో కలిపేవాడు కాదు.

వాగు ఒడ్డున ఒండ్రునేల మెత్తగా, తడిగా, వంగతోట కోసమే పుట్టినట్టు ఉంది. కానీ దాన్ని ముట్టుకోకూడదు.

అక్కడి కట్టుబాటు అది. ఏటా వేసవిలో మఠం మనిషి ఒకడు చేల వైపునుంచి వాగుకేసి నడుస్తాడు. ఒడ్డున గుడ్లు పొదిగే తీతువుపిట్ట అతన్ని చూసి ఎక్కడ అరిస్తే అక్కడ రాయి పెడతారు. రాయికీ నీళ్లకూ మధ్య, వానలు పడేదాకా నాగలి దిగదు, మేక మేయదు, జమ్ము కోయరు. కింది రైతులంతా ఆ రాయి వరసనే తమ చేలకూ హద్దుగా పట్టుకుంటారు. ఊళ్లో తీతువు అరిస్తే అపశకునమంటారు. వాగు దగ్గర మాత్రం ఆ అరుపే చట్టం.

ఈసారి నడవాల్సింది ఓబుళయ్య. అందుకని ముందే పిట్టతో స్నేహం మొదలుపెట్టాడు. మొదట కొర్రలు చల్లాడు. చీమలు తిన్నాయి. తర్వాత రోజూ పొద్దున్నే వెళ్లి జమ్ము పక్కన కూర్చుని తత్వాలు పాడాడు. ఓబుళయ్య గొంతు విప్పితే మఠానికొచ్చిన భక్తులకు ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చేవి. పిట్టకు గుడ్లున్నాయి, ఎక్కడికి పోతుంది? మొదట్లో అరిచి గోల చేసింది. ఆపైన అలసిపోయిందో, అలవాటు పడిందో, మెడ తిప్పి చూసి ఊరుకునేది.

రాయి పెట్టే రోజు వచ్చింది. ఓబుళయ్య రాయి భుజానికెత్తుకుని నడిచాడు. పిట్ట నోరు విప్పలేదు. చింతచెట్టు దాటాడు, గులకరాళ్లు దాటాడు, జమ్ము అంచుకు చేరాడు. ఉలుకూ పలుకూ లేదు. అక్కడే రాయి దించి చెమట తుడుచుకున్నాడు.

కింది చేను నరసక్క చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఓబుళన్నా, నీ చెయ్యి చల్లగుండా! నీళ్ల దాకా దున్నుకోమనేగా? ఇప్పుడే ఎద్దులు కట్టుకొస్తా!"

"కట్టుకో నరసక్కా, మా వంగతోటకూ ఒక సాలు వేసిపో!"

"కాస్త ఆగమ్మా" అన్నారు స్వామి, మఠం అరుగు దిగుతూ.

కర్ర పోటేసుకుంటూ చేనుగట్టు నుంచి ఆయన నడక మొదలెట్టారు. చింతచెట్టయినా దాటలేదు, పిట్ట గుండెలవిసేలా అరుస్తూ లేచింది. ఆయన తలపాగా తగిలేంత కిందికొచ్చి తిరిగింది. స్వామి ఆగి, అక్కడే ఎండలో చతికిలబడ్డారు.

పిట్ట మళ్లీ వాలింది. ఓబుళయ్య పరుగున వచ్చాడు. "లేవండి సామీ, నేల కాలిపోతోంది. మీరు దానికి కొత్త. అందుకే అరిచింది."

"నువ్వో?"

"నేనంటే... రోజూ పోతుంటాగా. నాకు చనువిచ్చింది."

"మంచిదే నాయనా. నరసక్క ఎద్దులు కూడా రోజూ పోయి కూర్చున్నాయా?"

నరసక్క చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఓబుళయ్య రాయి కోసం వెనక్కి వెళ్లాడు. వంగి ఎత్తబోతే, పక్కనే కూర్చున్న పిట్ట కొంచెం జరిగింది. గులకరాళ్లలో గులకరాళ్లలాగే, మచ్చల మచ్చల గుడ్లు నాలుగు. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని పాడుతూ ఆ గుడ్లనే చూడలేదు. రాయి జానెడు పక్కకు దిగి ఉంటే? ఇప్పుడు కూడా అది అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది.

రాయిని గుండెకదుముకుని, మునివేళ్లమీద నడుస్తూ తెచ్చాడు.

"ఎక్కడ పెట్టను సామీ?"

స్వామి చెయ్యి చాచారు. ఓబుళయ్య రాయి దించి ఆయన్ని లేపాడు. ఆయన ఆ చెయ్యి వదలకుండా, తాను కూర్చున్న చోటు వైపు చూశారు.

"ఇక్కడ కాదు, ఒక అడుగు ఇవతల పెట్టు. అది అరిచాక కూడా నేనొక అడుగు వేశాను."