గిజిగాడి పదకొండు కిటికీలు

ఒకప్పుడు గిజిగాడి గూడు ఇప్పటిలా ఉండేది కాదు. వాగుమీదికి వంగిన ఈతమట్టకు వేలాడుతూ, చుట్టూ కిటికీలే! ఒకటా రెండా, పదకొండు!

"ఇన్నెందుకయ్యా?" అని పెళ్లాం సింగారి అడిగితే గొంతు సవరించుకునేవాడు. "ఇది కాకి కిటికీ, ఊరి కబుర్లకు. ఇది చిలకది, అడవి కబుర్లకు. అదిగో, గోరింకది, పెళ్లిళ్లకూ పేరంటాలకూ. తెలుసుకోకపోతే వెనకబడిపోమూ?"

పొద్దున లేస్తే కిటికీ నుంచి కిటికీకి గెంతడమే పని. గింజ నములుతూ గెంతు, కునుకుపాట్లు పడుతూ గెంతు. రానురాను మహానుభావుడికి సొంత కళ్లమీద కూడా నమ్మకం పోయింది. ఒకరోజు ముక్కుమీద టపటపా చినుకులు పడుతున్నాయి. "వానొస్తోందేమయ్యా?" అంది సింగారి. "ఉండవే, కాకిని కనుక్కుని చెప్తా," అన్నాడు!

ఆ తొలకరికి సింగారి మూడు గుడ్లు పెట్టింది. పిల్లలు బయటికొచ్చే రోజులు దగ్గరపడ్డాయి.

"పురుగులు ఏరుకొస్తా. గాలి ఎక్కువగా ఉంది, గుడ్లమీంచి కదలకయ్యా," అని చెప్పి వెళ్లింది.

"నేనున్నానుగా!" అన్నాడు. ఉన్నాడు, చిలక కిటికీ దగ్గర! ఎక్కడో ఏనుగుకు జలుబు చేసిందట. ఎన్నిసార్లు తుమ్మిందో నోరు తెరుచుకుని వింటున్నాడు.

అంతలో ఈదురుగాలి లేచింది. గూడు ఊగిపోయింది. ఎదురుచెట్టు మీంచి కాకి గోలెత్తింది. "ఘోరం! ఘోరం! ఒక గూట్లో గుడ్డు దొర్లుతోంది! ఇంకాస్తయితే వాగులో పడుతుంది!"

"అయ్యో పాపం!" అన్నాడు గిజిగాడు. "ఎవరిదో ఆ గూడు? ఆ తండ్రికి బుద్ధుండక్కర్లా?"

"నీదేరా, వెర్రివెంగళప్పా!"

గిజిగాడు తిరిగి చూస్తే గుడ్డు గోరింక కిటికీ అంచున ఉంది. ఒక్క దూకు దూకి పొట్ట అడ్డం పెట్టాడు. గుడ్డు ఆగింది. లోపల పిల్ల కదిలినట్టు పొట్టకు మెత్తగా తగిలింది.

"అందరి కబుర్లూ విన్నాను, నీది వినలేదురా నాన్నా," అని భోరుమన్నాడు.

సింగారి గూట్లోకి వచ్చేసరికి మోపెడు గడ్డిపోచలు లోపల వేసుకుని కిటికీలకు అడ్డంగా అల్లేస్తున్నాడు. పది మూశాడు. పదకొండోది కాకిది. ఇదొక్కటీ ఉంచుకోనా అన్నట్టు ఓరగా చూశాడు. సింగారి కళ్లెర్రజేసింది. అదీ మూసేశాడు.

అప్పుడుగానీ తెలియలేదు, ఇద్దరూ లోపలే ఉండిపోయారని!

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అని సింగారి పకపకా నవ్వింది.

గిజిగాడు సిగ్గుపడుతూనే గుడ్లకు ఒక పక్క గట్టు కట్టాడు. మరో పక్క అడుగున కన్నం చేసి, కిందికి గొట్టంలా దారి అల్లాడు. అందులోంచి తొంగిచూస్తే వాగు నీళ్లు తప్ప ఏమీ కనిపించవు.

"ఇక నీకు లోకం సంగతులు ఎలా తెలుస్తాయిరా?" అని బయటినుంచి అరిచింది కాకి.

"కావాలంటే నేనే వస్తాలే మావా, పిల్లల పని చూసుకుని!"

అప్పటినుంచే గిజిగాడి గూటికి కిటికీలు లేవు, ఉన్న ఒక్క ద్వారమూ నేలకేసే చూస్తుంది. కబుర్లు కావాలంటే గిజిగాడు దిగి బయటికి రావాల్సిందే. గూట్లో ఉన్నంతసేపూ అతనికి వినిపించేది పిల్లల కిచకిచలే.