దారిలో ఉన్నవాళ్ళ కుండ

ఆ రోజు కుండలో నీళ్ళున్నాయి. ఈ ఒక్క ముక్క ఓబక్క ఎవరితోనూ అనలేదు. మొగుడితో అనలేదు, తోడబుట్టినదానితో అనలేదు, దండం పెట్టుకునేటప్పుడు దేవుడితో కూడా అనలేదు.

ఎప్పటి మాట ఇది? బాటలకు ఇంకా మైలురాళ్ళు లేని కాలంనాటి మాట. మబ్బులు దారి తప్పి కూడా రాని సీమలో, మూడు బాటలు కలిసేచోట ఒక చలివేంద్రం ఉండేది. తాటాకు పందిరి, ఇసుకలో వరసగా కుండలు, పోయడానికి ఒక ముంత. పోసేది ఓబక్క. తెల్లారకముందే ఏటికి పోయి, చెలమ తోడి నీళ్ళు తెచ్చేది. పొద్దుగూకేదాకా పోసేది. పేరు అడిగేది కాదు, ఊరు అడిగేది కాదు, కులం అడిగేది కాదు. దోసిలి పడితే చాలు, పోసేది.

ఒక్క కట్టు మాత్రం ఉండేది. వరసలో చివరి కుండను పొద్దు వాలేదాకా ముట్టకూడదు. అది దారిలో ఉన్నవాళ్ళ కుండ. ఇంకా రాని మనిషి ఎవరో ఆ ఎండలో పడుతూ లేస్తూ పొద్దు వాలేవేళకు వచ్చి చేరతారు, వాళ్ళకని. ఓబక్క అత్త ఆ కట్టు పాటించింది. ఆమె అత్తా పాటించింది. ఓబక్క చేతికొచ్చాక మూడేండ్లుగా ఆ కుండకు పట్టపగలు వెలితి పడలేదని చుట్టుపక్కల మూడూళ్ళ వాళ్ళూ మెచ్చుకునేవాళ్ళు.

ఆ వేసవిలో ఒకనాడు మిట్టమధ్యాహ్నానికే తక్కిన కుండలన్నీ అడుగంటినాయి. అప్పుడొచ్చింది ఒకామె, చీపుళ్ళ మోపు నెత్తిన పెట్టుకుని.

"అక్కా, గుక్కెడు పొయ్యి."

"లేవు తల్లీ."

"అదో, ఆ కుండ?"

"ఖాళీది."

ఆమె నమ్మింది. మోపు సర్దుకుని తూర్పు బాట పట్టింది. ఆ తర్వాత ఆ పందిరికి పిట్ట కూడా రాలేదు. పొద్దు వాలినాక ఓబక్క చివరి కుండ మూత తీసింది. అంచుదాకా నీళ్ళు. నీళ్ళలో తన ముఖమే. గబుక్కున మూత పెట్టేసింది.

ఆనాటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

కొన్నాళ్ళకు పడమటి బాటన ఒక శాస్త్రిగారు వచ్చారు. చెంబులో నీళ్ళు పోయించుకుని నీడన కూర్చున్నారు. ఓబక్క దూరంగా నిలబడి అడిగింది.

"అయ్యా, ఎక్కడో ఒకామె చివరి కుండలో నీళ్ళుండీ ఖాళీ అందంట. తప్పంటారా?"

శాస్త్రిగారు ఆలోచించారు. "కట్టుబాటు నిలబెట్టింది. అది తప్పెట్లా అవుతుంది? ఇవాళ ఒకరికని సడలిస్తే రేపు ఆ కుండే ఉండదు."

ఓబక్కకు ప్రాణం కుదుటపడింది. శాస్త్రిగారు చెంబు కడుగుతూ మళ్ళీ అన్నారు. "ముట్టకూడదని చెప్పింది కట్టుబాటు. ఖాళీ అని చెప్పమనలేదే! ఆ మాట ఆమెది."

మరునాడు ఉత్తరపు బాటన ఒక ఫకీరు వచ్చాడు. ఓబక్క అదే అడిగింది. ఫకీరు గడ్డం దువ్వుకున్నాడు.

"నియ్యత్ చూడాలి బిడ్డా. ఏ ఉద్దేశంతో చేసిందో చూడాలి. ఖాళీ అన్నప్పుడు ఆమె మనసులో ఎవరున్నారు? దారిలో ఉన్నవాళ్ళేనా?"

"కాదు సాయిబూ. మూడూళ్ళవాళ్ళు ఉన్నారు. కుండకు వెలితి పడిందంటే తన పేరు పోతుందని."

"ఎక్కడో ఉండే ఆమె మనసు నీకింత బాగా తెలుసే!" ఫకీరు నవ్వాడు. ఓబక్క కొంగుతో ముఖం కప్పుకుంది.

ఆ మరునాడు తూర్పు బాటన ఒక జైన సన్యాసిని వచ్చింది. తెల్లచీర, చేతిలో నెమలీకల కుంచె. నీళ్ళు ముట్టలేదు. పురుగూ పుట్రా నొప్పిపడకుండా కుంచెతో మెల్లగా నేల ఊడ్చుకుని కూర్చుంది. కథంతా విని ఒక్క మాటే అడిగింది.

"ఆ చీపుళ్ళామె ఏమైంది?"

"తెలీదమ్మా."

"నీ కట్టు సంగతి మాట్లాడావు, నీ మనసు సంగతి మాట్లాడావు. ఆ ప్రాణం సంగతి కనుక్కోలేదా?"

తెల్లారగానే ఓబక్క పందిరిని చెల్లెలికి అప్పజెప్పింది. చివరి కుండ నిండా నీళ్ళు పట్టి, నెత్తికెత్తుకుని తూర్పు బాట పట్టింది.

మొదటి ఊళ్ళో అడిగితే నవ్వారు. "నీళ్ళివ్వలేదని ఊరూరా చాటుకుంటారా ఎవరైనా?"

రెండో ఊళ్ళో ఒక ముసలాయన నుదురు చిట్లించాడు. "చీపుళ్ళమ్మే మనిషా? గుట్టకాడ ఎవరో ఆడమనిషి పడిపోయిందన్నారమ్మా. ఆ తర్వాత సంగతి తెలీదు."

వెనక్కి తిరిగితే ఇల్లు. ముందుకు పోతే ఏం వినాలో. ఓబక్క కుండ దించలేదు. నడిచింది.

మూడో ఊరి చివరి గుడిసె ముందు ఒకామె ఈనెలు కట్టలు కడుతోంది. తలెత్తి చూసింది.

"ఓ! ఖాళీ కుండ అక్కవు కదూ?"

"ఖాళీ కాదు. నిండుగా ఉండె. ఉండీ లేవన్నాను."

చీపుళ్ళామె పేరు సుంకులు. ఆమె చేతులు ఆగిపోయాయి.

"గుట్టకాడ పడిపోయినా. గొర్రెలాయన తోలుతిత్తి నా నోట్లో పిండకపోతే నా బిడ్డకు తల్లి లేదు ఈ పొద్దు."

ఓబక్క నెత్తిన కుండ దించి ఆమె ముందు పెట్టింది.

"ఉన్నాయి, ఇయ్యనని చెప్పుంటే నీతో పోట్లాడేదాన్ని," అంది సుంకులు. "సగం నాకు పొయ్యి, సగం వచ్చేవాళ్ళకు ఉంచు అనేదాన్ని. నువ్వు లేవంటివి. లేనిదానికి ఎవరు పోట్లాడతారక్కా? నా నోరు కట్టేస్తివి."

"తప్పయింది," అంది ఓబక్క. దానికి ముందూ వెనకా ఏమీ చేర్చలేదు.

"మరి ఈ కుండేంది?"

"నీ నీళ్ళు."

"పదిహేను దినాలకా? బాగుందమ్మో నీ చలివేంద్రం!" సుంకులు నవ్వబోయింది, కళ్ళు తడిసినాయి. లేచి, గుడిసెలోంచి ముంత తెచ్చి ముంచుకుని, సగం తాగింది. మిగతాది చేత పట్టుకుని గదిమింది. "ఊఁ, పట్టు దోసిలి. నోరెండి చచ్చేట్టున్నావు."

ఎందరికో పోసిన ఓబక్క తాను దోసిలి పట్టడం అదే మొదలు.

తిరిగొచ్చాక ఆమె చివరి కుండకు మూత పెట్టడం మానేసింది. తక్కినవి అడుగంటితే, వచ్చినవాళ్ళకు ఆ కుండ వంచి చూపించేది. "ఇంత ఉంది. వెనక ఎవరన్నా రావచ్చు. మీరే చెప్పండి." కొందరు సగం తాగేవాళ్ళు, కొందరు గుక్కెడు, కొందరు ముందు గొణిగి తర్వాత పక్కవాడికి అందించేవాళ్ళు. ఓబక్క బతికున్నన్నాళ్ళూ పొద్దు వాలకముందు ఆ కుండ ఎండిపోలేదు.

ఆమెకు గుడి కట్టలేదు, రాయి నాటలేదు. ఆ సీమలో ఇప్పటికీ చలివేంద్రం పెడితే చివరి కుండకు మూత ఉండదు. దాన్ని ఓబక్క కుండ అంటారు. ఎవరన్నా ఒక మాట దాచుకుని తిండి మానేసి తిరుగుతుంటే ఇంట్లోవాళ్ళు, "ఓబక్క మాదిరి పోయి చెప్పిరా పో" అంటారు. పూర్వం నడిచి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుంటారు. పెట్టేస్తారు. మళ్ళీ తీసుకుంటారు. చివరికి నంబరు నొక్కుతారు. అవతల ఎత్తేదాకా గొంతు ఎండిపోతూనే ఉంటుంది.