పదకొండో రథం

మేడూరు అనే ఒకానొక రాజ్యం ఉండేది. ఎక్కడ అని అడక్కండి, నాకూ తెలీదు. దాన్ని ఏలే రణధీరవర్మ మహారాజుకు రథాల పందెమంటే పంచప్రాణాలు. ఏటా ఉగాది మర్నాడు కోట బయటి మైదానంలో పది రథాలు పరుగెత్తేవి. ఒకటి రాజుగారిది, ఒకటి మంత్రి పెద్దిరాజుది, తక్కినవి ఎనిమిది మంది సామంతులవి. ఎవరి రథం వాళ్లే తోలుకోవాలి.

ఆ పందేనికి తాతల నాటి ఆచారం ఒకటుంది. ముందు వచ్చినవాడి మెడలో పూలదండ పడుతుంది. అందరికంటే వెనక వచ్చినవాడు, ఎంతటివాడైనా సరే, నడుముకు తువ్వాలు చుట్టుకుని జనానికంతా తన చేత్తో మజ్జిగ పోయాలి. రాజుగారు ఆ తువ్వాలు ఎన్నడూ చుట్టుకోలేదు. ఆయన్ని దాటి వెళ్లే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి?

ఆ ఏడు ఓబులాచారి అనే వడ్రంగి సభకు వచ్చాడు. ఆ పది రథాల చక్రాలూ చేసినవాడు అతనే.

“మహాప్రభూ, మూడేళ్లు కష్టపడి నాకోసం ఒక రథం చేసుకున్నాను. నేను చేసిన చక్రాల మీద అందరూ పరుగెత్తారు. ఒక్కసారి నేనూ పరుగెత్తి చూడాలని ఉంది. ఆ కోరిక తీరితే నాకింకేం అక్కర్లేదు” అని చేతులు జోడించాడు.

పెద్దిరాజు మీసం సవరించుకున్నాడు. “మంది పెరిగేకొద్దీ గౌరవం పలచబడుతుంది ప్రభూ. పది మందికి వండిన పాయసంలో పదకొండో మనిషి కోసం నీళ్లు పోస్తామా?”

సామంతులందరూ తలలూపారు. రాజుగారూ ఊపారు. పాపం, ఓబులాచారి ముఖం చిన్నబోయింది.

అప్పుడు ఆస్థాన విదూషకుడు చిట్టిభట్టు లేచాడు. మనిషి పొట్టి, నాలుక మాత్రం పొడుగు.

“మంత్రిగారిది బంగారం లాంటి మాట ప్రభూ. మంది తగ్గేకొద్దీ గౌరవం చిక్కబడుతుందన్నమాట. అలాంటప్పుడు పది మాత్రం ఎందుకు? తొమ్మిదైతే ఇంకా చిక్కన కదా?”

“అవును సుమా!” అన్నారు రాజుగారు.

“అయిదైతే మరీ చిక్కన. ఒక్కటే అయితే గౌరవమంతా ఒక్కరిదే. ఆ ఒక్కరూ ఎవరో నేను చెప్పాలా?”

రాజుగారి ఛాతీ ఉబ్బింది. పెద్దిరాజు నోరు తెరిచాడు గానీ, తన మాటకు తానే అడ్డు చెప్పలేక మూసుకున్నాడు. ఈసారి పందెంలో రాజరథం ఒక్కటే అని చాటింపు వేయించారు.

“తక్కిన రథాలను గుర్రాలు పూన్చి పక్కన నిలబెట్టిద్దాం ప్రభూ, చూపరులకు నిండుగా ఉంటుంది” అన్నాడు చిట్టిభట్టు. బయటికి వెళ్తూ ఓబులాచారి చెవిలో, “నీ గుర్రాలకు దాణా బాగా పెట్టవయ్యా” అన్నాడు.

పందెం రోజు వచ్చింది. భేరి మోగింది. రాజుగారు ఒంటరిగా బయలుదేరారు. పక్కన మరో గుర్రం లేకపోయేసరికి రాజుగారి గుర్రాలకు ఉత్సాహం పుట్టలేదు. రెండో చుట్టుకు నడకలో పడ్డాయి. జనం ఆవలించారు, ఊళ్లో పెళ్లిళ్ల కబుర్లలో పడ్డారు. ఎలాగో మూడు చుట్లూ పూర్తయ్యాయి. చిట్టిభట్టు పూలదండ వేసి జేజేలు పలికాడు.

ఆ వెంటనే తువ్వాలు, గరిటె కూడా అందించాడు.

“ఇదేమిటి?” అని రాజుగారు ఉరిమారు.

“ఆచారం ప్రభూ. అందరికంటే ముందు వచ్చింది తమరే. మరి తమ వెనక ఎవరైనా వచ్చారేమో చూడండి.”

రాజుగారు వెనక్కి తిరిగి చూశారు. దుమ్ము తప్ప ఎవరూ లేరు. తాతల నాటి ఆచారం ముందు ఏం అనగలరు? తువ్వాలు చుట్టుకున్నారు. ఆవలించే జనం ఒక్కసారిగా లేచి బారులు తీరారు. ఒక ముసలమ్మ మజ్జిగ తాగి, “ఉప్పు చాల్లేదు నాయనా” అంది.

చెయ్యి నొప్పెట్టి రాజుగారు గరిటె దించారు. “చిట్టిభట్టూ, మళ్లీ ఏడు ఇది తప్పే దారి లేదా?”

“ఉంది ప్రభూ. వెనక ఎంతమంది ఉంటే తమకు అంత మేలు. పది కంటే పదకొండు నయం.”

రాజుగారు ఒక్క క్షణం గుడ్లురిమారు. తర్వాత పొట్ట పట్టుకుని పకపకా నవ్వారు. “మళ్లీ ఏడు దాకా ఎందుకు? ఇప్పుడే! ఓబులాచారీ, తీసుకురా నీ రథం!”

పదకొండు రథాలూ ఒక్కసారి కదిలాయి. మైదానం దద్దరిల్లింది. రాజుగారిని దాటకూడదన్న సంగతి సామంతులకు తెలుసు. ఓబులాచారికి ఎవరూ చెప్పలేదు. మూలమలుపులో సర్రున దాటేసి, ముందుగా గీత చేరాడు. చేరి, చక్రాన్ని కౌగిలించుకుని ఏడ్చేశాడు. రెండోవారుగా వచ్చిన రాజుగారు చెమటలు కక్కుతూ కిందికి దూకారు.

“ఇన్నేళ్లలో నేను పందెం ఆడింది ఇవాళే!” అని తన మెడలోని దండ తీసి వడ్రంగి మెడలో వేశారు. చేతి కంకణం తీసి చిట్టిభట్టుకు తొడిగారు.

చిట్టిభట్టు మాత్రం దాచిపెట్టిన మజ్జిగ కుండ ఒకటి మోసుకుంటూ మైదానం చివరికి నడిచాడు. అక్కడ పదకొండోవాడిగా పెద్దిరాజు రథం అప్పుడే వస్తోంది.

“మంత్రిగారూ, తువ్వాలు ఇదిగో” అన్నాడు. “నీళ్లు కలపలేదు లెండి, చిక్కగానే ఉంది. ఉప్పు మాత్రం కాస్త చూసి వేయండి.”