కనకవ్వ బొగ్గుపొయ్యి

అనగనగా ఒక బొగ్గుబావి ఊళ్ళో, కాళ్ళు ఆడించకుండా వింటేనే చెప్తా మరి, కనకవ్వ అనే అత్త, స్వరూప అనే కోడలు, మౌని అనే చిన్నపిల్ల ఉండేవాళ్ళు. మౌనికి నీ అంతే వయసు. అల్లరి మాత్రం నీకంటే తక్కువే.

ఆ ఊళ్ళో ఇంటింటికీ బొగ్గుపొయ్యే. పొద్దున్నే వాకిట్లో వెలిగించి, పొగ పోయాక లోపలికి తెచ్చుకునేవాళ్ళు. ఎంత పోయినా కొంచెం మిగిలేది. ఆ కొంచానికే మౌనికి ఆయాసం వచ్చేది. ఊపిరి తీస్తే గుర్రుగుర్రుమని చప్పుడు.

"ఈ పిల్లకి పొగ తగలకూడదు" అన్నాడు డాక్టరు.

అప్పుడు స్వరూప డాబా మీద సోలార్ ప్లేట్లు పెట్టించింది. కింద బ్యాటరీ, కరెంటు పొయ్యి, పిల్లకి ఆవిరి మందు పట్టే మిషను. ఊరి కరెంటు చెప్పాపెట్టకుండా పోతుందిగా, అందుకని.

కనకవ్వకి నమ్మకం కుదరలేదు. "పొద్దుగూకినంక నీ సూర్యుడు పంటడు. నా మనుమరాలికి బువ్వ ఎవడు వండుతడే?" అని బొగ్గుపొయ్యిని మంచం కింద దాచుకుంది.

మొదటి రోజు ఎండ ఫెళ్ళున కాసింది. అన్నం ఉడికింది. రెండో రోజు మబ్బు పట్టింది. అయినా ఎలాగో నెట్టుకొచ్చింది. మూడో రోజు మళ్ళీ మండే ఎండ. కానీ పొద్దుగూకే వేళకి ఊరి కరెంటు పోయింది, ఆ తర్వాత బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. మందు పడుతున్న మిషను మధ్యలో ఆగిపోయింది.

మౌని ఎగపోస్తోంది. కనకవ్వ మంచం కింది పొయ్యిని వాకిట్లోకి లాగింది. వేడినీళ్ళ ఆవిరైనా పడదామని గబగబా బొగ్గుపొయ్యి వెలిగించింది. గాలి ఇటే తిరిగింది. పొగంతా ఇంట్లోకి వచ్చేసింది. అప్పుడు పిల్ల పెదాలు నల్లబడ్డాయి.

స్వరూప పొయ్యి మీద బిందెడు నీళ్ళు కుమ్మరించింది. పిల్లని ఎత్తుకుని, గాలి కోసం డాబా మెట్లెక్కింది. ఎక్కి చూస్తే ఏముంది? ప్లేట్ల నిండా గుమ్మడి వడియాలు!

"నున్నగ, ఎచ్చగ ఉన్నయని పెట్టిన్నే" అంది వెనకే వచ్చిన కనకవ్వ. నవ్వకు, ప్లేట్లకి ఎండ తగలకపోతే బ్యాటరీ నిండదని మరి ఆమెకి ఎవరు చెప్పారు?

పైగాలికి పిల్ల ఊపిరి మెల్లగా కుదురుకుంది. తెల్లారగానే కనకవ్వ తన కొంగు తడిపి ఒక్కో ప్లేటూ తుడిచింది. తుడుస్తూ ఏడ్చింది.

ఆ తర్వాత రోజూ ఆమే తుడిచేది. కాకి వాలితే కర్ర తీసేది.

కానీ వానాకాలం వచ్చింది. ముసురు పట్టింది, ఊరి కరెంటూ పోయింది. మొదటి రోజు గడిచింది. రెండో రోజు దీపం సన్నబడింది. మూడో రోజు కనకవ్వ అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడింది. గీస్తే పొగ. గీయకపోతే, మిషను ఆగిపోయాక వేడినీళ్ళ ఆవిరి కూడా ఉండదు. ఒక చెవి పిల్ల ఊపిరి మీద, ఒక కన్ను ఆకాశం మీద.

అప్పుడు మబ్బు వీడింది. కొంచెమే. ఆ పూటకి సరిపోయింది.

మళ్ళీ ముసురు పడితేనో అంటావా? నాకూ తెలీదు బంగారం. ఆ అగ్గిపెట్టె కనకవ్వ ఇంకా పారెయ్యలేదు. కానీ ప్లేట్లు తుడవడమూ మానలేదు.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
తెల్లారి ఎండేమో మౌని వాళ్ళింటికి.