బయ్యన్న వేట కబుర్లు

అనగనగా, అడవి ఊళ్ళ ముంగిట దాకా వచ్చి నిలబడే కాలంలో, మోదుగవలస అనే ఊరు ఉండేది. ఆ ఊరి ఆడవాళ్ళు తెల్లవారగానే అడవికి పోయి మోదుగాకులు కోసుకొచ్చేవారు. మధ్యాహ్నం అరుగుల మీద కూర్చుని విస్తళ్ళు కుట్టేవారు. విస్తళ్ళు కుట్టడంలో అక్కమ్మ పెట్టింది పేరు. ఆమె కుట్టిన విస్తట్లో పులుసు పోసినా చుక్క కారేది కాదు.

అక్కమ్మకు ఒక్కగానొక్క కూతురు నాంచారి. కొండమీది వేటగాళ్ళ గూడెం నుంచి బయ్యన్న అనే యువకుడు నాంచారిని పెళ్ళాడి ఆ ఇంటికి ఇల్లరికం వచ్చాడు. మంచివాడు, కష్టజీవి. అత్తగారింట అందరి మనసూ గెలుచుకోవాలని అతనికి మహా ఆశ.

వచ్చిన నాలుగో రోజున ఒక దుప్పిని వేటాడి తెచ్చాడు. అరుగు నిండా జనం ఉండగా గొంతెత్తి, పకపకా నవ్వుతూ చెప్పసాగాడు.

"నువ్వు చూడాలి అత్తా! బాణం ఈ డొక్కలో దూరి ఆ డొక్కలో తేలింది. అయినా పడదే! కాళ్ళు కొట్టుకుంటూ గిరగిరా తిరిగింది. భలే తమాషా!"

గూడెంలో అయితే ఈ మాటకు ఈలలు వేసి భుజం చరిచేవారు. ఇక్కడ పుల్లలు గుచ్చే చేతులు ఆగిపోయాయి. అక్కమ్మ లేచి లోపలికి పోయింది.

బయ్యన్న మొహం చిన్నబోయింది. "మీ వాళ్ళు మాంసం ముట్టరా ఏం?" అని భార్యను అడిగాడు.

"ఎందుకు ముట్టరు? నువ్వు దాన్ని చంపావని అమ్మ లేచి వెళ్ళలేదు. చెబుతూ నవ్వావని లేచి వెళ్ళింది" అంది నాంచారి.

బయ్యన్న ఆ మాటే పట్టుకుని ఆలోచించాడు. నవ్వకూడదు, సరే. అసలు చావు మాటే రాకుండా చెబితే ఇంకా మంచిది కదా అనుకున్నాడు.

మరికొన్నాళ్ళకు ఒక జింకను కొట్టి, గూడెంలో తన వాళ్ళకు పంచిపెట్టి ఇంటికి వచ్చాడు. అక్కమ్మ అత్తగారు, చూపు ఆనని ముసలవ్వ, అరుగు మీద కూర్చుని ఉంది. "ఈవేళ ఏం చేశావు నాయనా?" అని అడిగింది.

"ఒక జింకను నిద్రపుచ్చి వచ్చాను అవ్వా" అన్నాడు మెత్తగా.

అవ్వ గాభరా పడింది. "అయ్యో, ఎక్కడ పడుకోబెట్టావు? చలిగాలి తిరిగిందే! పైన కాసిని ఆకులైనా కప్పావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బయ్యన్న చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు పొద్దున్నే అవ్వ మళ్ళీ పిలిచింది. "లేచిందా నాయనా, నీ జింక?"

అక్కమ్మ లేచి వెళ్ళిన నాటికంటే ఆనాడే బయ్యన్నకు ఎక్కువ సిగ్గేసింది.

ఇంతలో ఊరికి ఒక బెడద వచ్చిపడింది. వాగు ఒడ్డు పొదల్లో చేరిన అడవిపంది ఒకటి చిలగడదుంపల చేలన్నీ కుళ్ళగించసాగింది. మనుషులు కనబడితే మీదికొచ్చేది. ఆడవాళ్ళు అటు ఆకుకు పోవడమే మానేశారు. ఊరి పెద్దలు బయ్యన్నను బతిమాలారు.

బయ్యన్న వెళ్ళాడు. బాణం వేశాడు. పంది చప్పున పక్కకు తిరగడంతో బాణం తొడలో దిగింది. పంది కీచుమంటూ పొదల్లోకి దూరిపోయింది. ఎంత వెతికినా కనబడలేదు. పొద్దు వాలే వేళకు ఊరికి తిరిగొచ్చాడు.

ఊరంతా ఎదురొచ్చింది. "ఏమైంది? ఏమైంది?"

తప్పిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు. "దాని పని అయిపోయింది" అన్నాడు.

జనం కేరింతలు కొట్టారు. ఎవరో మెడలో బంతిపూల దండ కూడా వేశారు. ఆ దండ బయ్యన్నకు ఎందుకో బరువుగా తోచింది.

తెల్లవారింది. బయ్యన్న లేచేసరికి అక్కమ్మ గంప చేత పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. వెనకాల పదిమంది ఆడవాళ్ళు.

"ఎక్కడికత్తా?"

"వాగు ఒడ్డుకే. నువ్వు దాని పని పట్టావుగా! నెల్లాళ్ళుగా అక్కడి ఆకు ముదిరిపోతోంది అల్లుడూ."

బయ్యన్న సాకులు వెతుక్కున్నాడు. ఈవేళ మంచిది కాదు, రేపు పొమ్మందామా? పాము కనబడిందని చెబుదామా? రెండు అబద్ధాలూ నాలుక చివరిదాకా వచ్చాయి. అత్తగారు అప్పటికే వాకిలి దాటింది. అతను పరుగున వెళ్ళి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"వెళ్ళకండి అత్తా. అది చావలేదు. దెబ్బతిని పొదల్లో ఉంది. నిన్న మీ అందరికీ అబద్ధం చెప్పాను."

"మరి దండ వేయించుకున్నావే!" అని ఒకావిడ కసిరింది.

అక్కమ్మ గంప కింద పెట్టింది. "ఎక్కడ తగిలింది?"

"తొడలో."

"బాధపడుతూ ఉంటుందా?"

"రాత్రంతా పడే ఉంటుంది అత్తా."

"అయితే ఇంకా ఇక్కడెందుకు నిలబడ్డావు?" అంది అక్కమ్మ.

బయ్యన్న బల్లెం తీసుకుని బయలుదేరాడు. ఇద్దరు రైతులు తోడు వచ్చారు. నెత్తుటి చుక్కలు పట్టుకుని పోగా పోగా, ఆడవాళ్ళు ఆకు కోసే చోటికి పది అడుగుల దూరంలోనే పంది కనబడింది. కుంటుతూనే మీదికి దూకింది. బయ్యన్న కాళ్ళు నేలకు తన్నిపెట్టి ఒకే పోటు పొడిచాడు. అది ఒరిగిపోయింది. రొప్పుతూ దాని పక్కనే కూర్చున్నాడు. ఊపిరి పూర్తిగా ఆగేదాకా లేవలేదు.

తిరిగి వచ్చేసరికి అక్కమ్మ ఊరి చివర రాతి మీద కూర్చుని ఉంది. ఆ ఎండలో ఎంతసేపటి నుంచి ఉందో!

"ఏం జరిగింది నాయనా?"

"చంపాను అత్తా. నిన్న నా చేతకానితనం వల్ల అది రాత్రంతా నరకం చూసింది. ఈవేళ ఒక్క పోటుతో పోయింది." బయ్యన్న బల్లెం కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు. "చిన్నప్పుడు మొదటిసారి కుందేలును కొట్టి ఏడ్చాను. గూడెమంతా నన్ను చూసి నవ్వింది. ఆనాటి నుంచీ వాళ్ళకంటే ముందు నేనే నవ్వడం అలవాటు చేసుకున్నాను."

అక్కమ్మ కొంగుతో అతని మొహం తుడిచింది. "పిచ్చి నాయనా, ఏడుపొస్తే ఏడువు. నిన్ను చూసి ఇక్కడ ఎవరు నవ్వుతారో నేనూ చూస్తాను."

ఆనాటి నుంచి బయ్యన్న వేటకు పోయి వస్తే, జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కల్లో చెప్పేవాడు. కొడితే కొట్టానని, తప్పితే తప్పిందని. చుట్టుపక్కల మూడు ఊళ్ళ ఆడవాళ్ళు ఆకుకు బయలుదేరే ముందు, "బయ్యన్నా, ఈవేళ ఎటు పోతే క్షేమం?" అని అతన్నే అడిగేవారు. అతను చూపిన దారిన నిశ్చింతగా పోయి, నిండు గంపలతో తిరిగొచ్చేవారు.

కనుక పిల్లలారా, చేసిన పని ఎంత బరువైనదో అంత బరువుగానే చెప్పాలి. నవ్వులతో తేలిక చేసినా, తీపి మాటలతో కప్పినా, మనల్ని నమ్మినవాళ్ళకే ముప్పు వస్తుంది.