సింగారయ్య ఎత్తుకెళ్లిన మొదటి మాట

చిలకలవాగు అడవిలో జంతువులకి ఫోన్లు ఎక్కడివని మీరు అడుగుతారు. జలపాతం చూడ్డానికొచ్చిన మనుషులు సెల్ఫీ దిగుతామని కోతుల పక్కన నిలబడితే కోతులు ఊరుకుంటాయా? అలా చేతులు మారినవే ఇవన్నీ. ఛార్జింగ్ ఎలాగన్నది మాత్రం నన్నడగొద్దు, కథ అక్కడే ఆగిపోతుంది.

ఫోన్లు వచ్చిన దగ్గర్నుంచీ అడవికి అందం యావ పట్టుకుంది. కుందేళ్లకి చెవులు నిగనిగలాడాలి, ఉడుతలకి తోక ఒత్తుగా ఉండాలి. ఆఖరికి ముళ్లపంది కూడా ముళ్లకి మెరుపు కావాలని బయల్దేరింది. ఈ యావ మీద బాగుపడినవాడు ఒక్కడే, నక్క సింగారయ్య. కాంతి క్రీము అని ఏదో మోదుగాకు దొప్పల్లో పెట్టి ఇచ్చేవాడు, బదులుగా ఎవరి తిండి వాళ్ల దగ్గర లాక్కునేవాడు.

వాడి గొప్పంతా క్రీములో లేదు, రీలు మొదలుపెట్టడంలో ఉంది. "ఆగండి. ఒంటికి మట్టి రాస్తున్నారా? అయితే మీ తోక మీద ఆశ వదిలేసుకోండి" అని మొదలెట్టేవాడు. అది చెవిన పడ్డ కుందేలు ఇంక పక్క రీలుకి పోగలదా? తోక తడుముకుంటూ చివరిదాకా చూసేది. చివర్లో తోక ఊసే ఉండేది కాదు, క్రీము ఊసే ఉండేది. తనకేమీ తోచనినాడు ఇతరుల రీళ్లలో మొదటి మాటలు ఎత్తుకొచ్చి వాడుకునేవాడు. ఎత్తుకొచ్చేటప్పుడు కూడా ఆ మొదటి మాటే వినేవాడు తప్ప మిగతా రీలు చూసేవాడు కాదు. అందరినీ చివరిదాకా కూర్చోబెట్టే పెద్దమనిషికి తను కూర్చునే ఓపిక లేదు.

మట్టి మీద వాడు పగబట్టడానికి కారణం ఉంది. వాగు వంపులో బర్రె పోలమ్మకి ఒక బురద మడుగు ఉంది. తాతలనాటి నుంచీ వాళ్లదే. మెత్తటి నల్లరేగడి మట్టి, ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. ఒకప్పుడు అడవి మొత్తం అక్కడికొచ్చి మట్టి పూసుకుని, పోలమ్మకి ఇంత గడ్డి ఇచ్చిపోయేది. ఆ మట్టి అడుగున బలిసిన పీతలున్నాయి. పోలమ్మకి పీతలతో పనిలేదు. సింగారయ్యకి మాత్రం వాటిని తల్చుకుంటే నిద్ర పట్టదు.

తోకల భయంతో మడుగుకి రాకపోకలు ఆగిపోయాక సింగారయ్య ఎలుగుబంటి పెద్దాయన దగ్గరికి పోయి దణ్ణం పెట్టాడు. ఎవరూ వాడని మడుగు పాడుబడిపోతోందనీ, తన చేతికిస్తే అందరికీ పనికొచ్చేలా బ్యూటీ పార్లర్ పెడతాననీ విన్నవించుకున్నాడు. అడవిలో కట్టుబాటు ఏమిటంటే నలుగురూ వచ్చిపోయే చోటే సొంతదారుడికి దక్కుతుంది. పెద్దాయన ఆలోచించి, అమావాస్యనాడు మడుగు గట్టు మీదే పంచాయతీ పెడతాననీ, ఆనాటికీ మునుపటిలా అందరూ రాకపోతే మడుగు నక్కదేననీ చెప్పేశాడు.

పోలమ్మ గుండె జారిపోయింది. ఎండాకాలం బురద లేకపోతే బర్రె తోలు పగుళ్లిచ్చి నెత్తురొస్తుంది. ఆ వయసులో కొత్త మడుగు వెతుక్కుంటూ ఎక్కడికి పోతుంది? సరే, అందరూ రీళ్లు చేస్తున్నారు కదా అని కోతి అంకయ్యని పిలిచి ఫోన్ పట్టుకోమంది. ముందుగా అందరికీ నమస్కారమంది. అందరూ కులాసానా అని అడిగింది. వానలెట్లా ఉన్నాయి, పిల్లలు మేస్తున్నారా, అత్తగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయా అని పేరుపేరునా విచారించింది. మట్టి మాట వచ్చేసరికి రీలు అయిపోయింది. చూసినవాడు అంకయ్య ఒక్కడే, వాడు కూడా ఫోన్ పట్టుకోవాలి కాబట్టి చూశాడు.

పోలమ్మ దిగులుగా పడుకుని ఉంటే మేక తిరపతమ్మ వచ్చింది. అడవిలో తిరపతమ్మ నోరు పెట్టని వస్తువు లేదు. ఆ పూట కుందేలు చెవి నాకి చూసి వస్తోంది.

"పోలమ్మక్కా, ఆ సింగారిగాడి క్రీము ఏందనుకున్నావ్? తాటిబెల్లం పాకం. రవ్వంత వేపనూనె వాసన తగిలించాడు అంతే" అంది మూతి నాక్కుంటూ.

పోలమ్మ పట్టించుకోలేదు. తన రీలు చూపించి, ఇందులో తప్పేముందో చెప్పమంది. తిరపతమ్మ నమస్కారం దాకా చూసి ఫోన్ పక్కన పెట్టేసింది.

"నేను ఆకు కొరికేటప్పుడు నాలిక్కి రుచి తగలకపోతే రెండో ఆకు తినను, పక్క చెట్టుకి పోతా. రీళ్లు చూసేవాళ్లంతా నా జాతేనక్కా. నువ్వు అత్తగారి మోకాళ్ల దగ్గర ఉండంగానే వాళ్లు అవతలి కొండెక్కేస్తున్నారు."

పలకరించకుండా ఎవరైనా మాట మొదలెడతారా, వాళ్లమ్మ అలా పెంచలేదని పోలమ్మ వాదించింది. పలకరింపులన్నీ ఆఖర్న పెట్టుకోమని తిరపతమ్మ నచ్చజెప్పింది. ముందు మాత్రం వాళ్ల కాళ్లు ఆగిపోయే మాట ఒకటి కావాలి. క్రీము రాస్తే చెవులు రాలిపోతాయని చెబుదామా అని కూడా అడిగింది.

"రాలని చెవులు రాలతయ్యని నేనెట్టా చెప్పేది?" అంది పోలమ్మ. "మడుగు పోతే పోనీ. ఆ మాట నా నోట రాదు."

"సరే తల్లీ. నీ మట్టి ఏం చేసుద్దో అది చెప్పు మరి."

చల్లగా ఉంటుందంది పోలమ్మ. దురద పోతుందంది. దోమ వాలదు, జోరీగ కుట్టదు, గట్టు మీది ఆ ఎర్రచీమల పుట్ట పక్కనే రోజూ మధ్యాహ్నం కునుకు తీస్తాను, ఒక్కటీ కరవదు అని మామూలుగా చెప్పుకుపోతోంది. తిరపతమ్మ నెమరేయడం ఆపేసింది. ఎర్రచీమలా అని రెట్టించి అడిగింది. అవునంటే అవునంది పోలమ్మ. అందులో గొప్పేముందో ఆమెకి అర్థం కాలేదు.

"అదేనక్కా నీ మొదటి మాట. నువ్వు నిజం చెప్పు చాలు. మిగతాది సింగారయ్యే వచ్చి చేసుకుంటాడు" అని తిరపతమ్మ గడ్డం ఊపింది.

అంకయ్య ఫోన్ పట్టుకున్నాడు. పోలమ్మ మడుగులోంచి లేచి, ఒళ్లంతా బురదతో కెమెరాలోకి సూటిగా చూసింది. "నేను ఇది పూసుకుని ఎర్రచీమల పుట్ట పక్కన పడుకుంటున్నా. ఏమవుద్దో మీరే చూడండి" అంది, పడుకుంది. చీమలు బారులు తీరి ఎక్కాయి, బురద మీద అటూ ఇటూ తిరిగి, విసుగొచ్చి దిగిపోయాయి. పోలమ్మ గురక కూడా పెట్టింది. లేచాక తీరిగ్గా నమస్కారం పెట్టి, అత్తగార్ల మోకాళ్లతో సహా అందరి క్షేమమూ అడిగింది.

అడవి అడవంతా ఊపిరి బిగబట్టి చూసింది. పలకరింపుల దాకా చూసి, తమ అత్తగార్ల మోకాళ్లు ఎలా ఉన్నాయో కింద రాసినవాళ్లు కూడా ఉన్నారు. మర్నాటికి మడుగు గట్టు మీద మళ్లీ అడుగుల చప్పుడు మొదలైంది. ముందు ముళ్లపంది వచ్చింది, తర్వాత తోక మీద ఆశ చావని కుందేళ్లు కొన్ని వచ్చాయి. అయినా సగం అడవి ఇంకా సింగారయ్య వైపే ఉంది. పోలమ్మకి ధైర్యం చిక్కలేదు.

సింగారయ్య చెవిన ఆ మొదటి మాట పడింది. పడగానే నచ్చేసింది. అలవాటు ప్రకారం అక్కడితో రీలు ఆపేశాడు. బర్రె నోటికే ఇంతమంది ఆగితే తన నోటికి ఎంతమంది ఆగుతారో అనుకుని మురిసిపోయాడు. అమావాస్యనాడు పెద్దాయన కళ్లముందే లైవ్ పెడితే మడుగు తన ఒళ్లో పడినట్టేనని లెక్క వేసుకున్నాడు.

అమావాస్య పొద్దున్నే పంచాయతీ కూడింది. సింగారయ్య మీసాల నుంచి తోక కొస దాకా క్రీము దట్టించి, తళతళలాడుతూ వచ్చాడు. మాటకి తగ్గట్టు వెనక పుట్ట కనిపించాలని దాని పక్కనే నిలబడి అంకయ్యకి సైగ చేశాడు.

"నేను ఇది పూసుకుని ఎర్రచీమల పుట్ట పక్కన పడుకుంటున్నా. ఏమవుద్దో మీరే చూడండి."

అందరూ ఆగారు, చూశారు. సింగారయ్య గొంతు సవరించుకుని ఎప్పట్లాగే క్రీము సంగతిలోకి దిగాడు. పసి కాంతి అన్నాడు, పున్నమి మెరుపన్నాడు, నిన్నటిదాకా తన బుగ్గలు ఎలా ఉండేవో చెప్పబోయాడు.

"పడుకో మరి" అంది ముళ్లపంది.

సింగారయ్య నవ్వి, విననట్టు ముందుకు పోయాడు. ఫోన్లో "పడుకో, పడుకో" అని కామెంట్లు వరసగా రాలుతున్నాయి. గట్టు మీదివాళ్లూ అందుకున్నారు. వాళ్లు ఈ మాట ఒకసారి విన్నారు, విన్నది జరగడం కూడా చూశారు. ఇంక ఊరికే వదులుతారా? సింగారయ్య పెద్దాయన వైపు చూశాడు. మాట అన్నావు కాబట్టి చేసి చూపించమనీ, ఆవిడ చూపించిందనీ పెద్దాయన నెమ్మదిగా చెప్పాడు.

ఆవిడ ఏం చూపించిందో సింగారయ్య చూసి ఉంటే కదా. బర్రె పడుకుని లేచి తిరుగుతోందంటే ఇవి ముసలి చీమలో, బద్ధకం చీమలో అయి ఉంటాయనుకున్నాడు. దర్జాగా కాలు మీద కాలేసుకుని పడుకున్నాడు.

చీమలు మొదట నమ్మలేదనుకుంటాను. అంత తాటిబెల్లం దానంతట అది నడిచొచ్చి గుమ్మంలో పడుకోవడం వాటి బతుకులో ఎన్నడూ జరగలేదు. ఆ తర్వాత పుట్టలో ఒక్కటీ మిగల్లేదు. సింగారయ్య పున్నమి అనబోయి ఊళ పెట్టాడు. లేచాడు, దొర్లాడు, చెట్టుకి రుద్దుకున్నాడు. రుద్దుకున్నకొద్దీ పాకం ఒళ్లంతా పరుచుకుంది, చీమలూ పరుచుకున్నాయి. చివరికి కళ్లు మూసుకుని పరిగెత్తి, పెద్దాయన, పంచాయతీ, అడవి మొత్తం చూస్తుండగా దబ్బుమని పోలమ్మ మడుగులో దూకాడు.

బురదలో మెడదాకా మునిగాడు. కాసేపటికి ఊళ ఆగింది. మొహం మీద ముడతలు విడిపోయాయి. సింగారయ్య తనకి తెలియకుండానే "అబ్బా, ఎంత హాయిగా ఉంది" అనేశాడు.

అంకయ్య ఫోన్ ఇంకా దించలేదు. లైవ్ నడుస్తూనే ఉంది.

పెద్దాయన ఏ తీర్పూ చెప్పే పని లేకుండా పోయింది. ఆయన నోరు తెరిచేలోపే కుందేళ్లు, ఉడుతలు, లేళ్లు తోసుకుంటూ మడుగులో దిగాయి. చెవులకి పట్టిన పాకం కడుక్కుని, మట్టి పూసుకుని, గట్టంతా గడ్డి మోపులు పేర్చేశాయి. పోలమ్మకి ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. మా తాత మడుగు నాకు మిగిలిందని తిరపతమ్మ మెడ మీద తల వాల్చింది. తిరపతమ్మ ఆ సందట్లోనే ఒక మోపు రుచి చూసేసింది.

సింగారయ్య గుట్టుగా జారుకోబోయాడు. పోలమ్మ ఆపింది.

"ఇంకాసేపు అట్టాగే ఉండయ్యా, మంట తగ్గుద్ది. పీతల జోలికి మాత్రం పోబాక, అవి కూడా కరుస్తయ్" అంది.

మడుగు గట్టంతా నవ్వింది. ఆ రోజు నుంచీ సింగారయ్య రీలు మొదలుపెట్టినప్పుడల్లా కింద ఒకటే మాట కనిపిస్తుంది, ముందు చేసి చూపించమని.

నీతి: మొదటి మాటతో ఎవరినైనా ఆపవచ్చు, కానీ ఆగినవాళ్లు ఆ మాట జరగడం చూసేదాకా కదలరు.