కాలికి తెలిసిన స్టేషన్లు

నేను కుందేలుని. తొందర మా జాతి గుణం. అయినా ఈ సంగతి మాత్రం నిదానంగానే చెబుతాను, ఎందుకంటే ఇందులో తొందరపడి బుద్ధి తక్కువ పని చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా గుట్ట నుంచి వాగు దాకా భూమి కింద ఒక దారి ఉంది. పైన రోడ్డు, లారీలు, కుక్కలు. కింద చీకటే గానీ ప్రాణానికి భయం లేదు. ఆ దారి పొడవునా ఐదు గదులు. ఇప్పుడు అందరూ స్టేషన్లంటున్నారు కాబట్టి నేనూ అలాగే అంటాను, మా అమ్మయితే ‘కూర్చునే చోటు’ అనేది. మొదటిది గుట్ట కింద, రెండోది సీతాఫలాల తోట, మూడోది గొర్రెల దొడ్డి, నాలుగోది పల్లీల చేను, ఐదోది వాగు. ఒక్కో చోట పైకి ఒక్కో కన్నం.

వాటిని తవ్వింది మా అలుగు పెద్దయ్య. ఒంటి నిండా పెంకులు, నోట్లో మాట తక్కువ. కటిక చీకట్లో ఎక్కడున్నామో ఎలా తెలియాలని ఆయన ఎన్నాళ్ళు ఆలోచించాడో గానీ, ఒక్కో స్టేషన్‌కి ఒక్కో నేల వేశాడు. గుట్ట కింద గరుకు రాళ్ళు. తోట దగ్గర సీతాఫలం గింజలు, కాలు పెడితే జర్రున జారేవి. చేను దగ్గర పల్లీ తొక్కలు, కరకరమనేవి. వాగు దగ్గర తడి ఇసుక. దొడ్డి కింద మాత్రం తుమ్మముళ్ళు. గాలి కోసం అక్కడ కన్నం పెట్టక తప్పలేదు, పైన చూస్తే కాపరి కుక్కలు నాలుగు. ముల్లు గుచ్చుకుందంటే పైకి చూడకుండా ముందుకు నడవాలన్నమాట.

నా చిన్నతనంలో అమ్మ వెనకాల గెంతుతూ వెళ్తుంటే గింజల మీద జారి పడేదాన్ని. “తోటొచ్చిందే పిచ్చిదానా, లే!” అని నవ్వేది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఎంత హాయిగా ఉండేవో ఆ రోజులు!

అలాంటి రోజుల్లో నక్క బావ పట్నం నుంచి దిగాడు. రెండు వానాకాలాలు అక్కడే ఉన్నాడట. మనుషులు భూమి కింద రైలు స్టేషన్లు కడుతుంటే అందులో దూరి తలదాచుకున్నాడట.

“అబ్బబ్బ, ఏం స్టేషన్లే అవి! నేల చూస్తే మొహం కనబడుతుంది. గోడ మీద చెయ్యేస్తే వెన్న. మరి మనవి? రాళ్ళు, గింజలు, తొక్కలు! చెత్తలో నడుస్తున్నామే, సిగ్గేయదూ మీకు?” అన్నాడు.

మాకు నిజంగానే సిగ్గేసింది. అప్పటిదాకా ఎవరికీ తట్టని సిగ్గు.

“ఏం చెయ్యమంటావు బావా?” అంది ముళ్ళపంది వదిన.

“ఆ చెత్తంతా ఊడ్చి వాగులో పారబోయండి. తెల్లమట్టితో నేల, గోడ, దారి మొత్తం ఒకేలా అలికేద్దాం. డిజైన్ నాది, పని మీది.”

అలుగు పెద్దయ్య గొంతు సవరించుకున్నాడు. “పట్నంలో వాళ్ళకి దీపాలున్నాయా?”

“లేకేం? పట్టపగల్లా ఉంటుంది.”

“మనకి లేవు కదరా.”

“అందుకే పెద్దయ్యా, ముందు అందం వస్తే వెలుగు దానంతట అదే వస్తుంది.”

ఈ మాటకి అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. కానీ ఆ రోజు అందరికంటే ముందు చెవులెత్తి సై అన్నది నేనే. చెప్పుకోవడానికి నోరు రావడం లేదు, అయినా చెబుతున్నాను.

సై అనంది ఒక్క పందికొక్కు అవ్వే. అవ్వకి రెండు కళ్ళూ పోయి చాలా ఏళ్ళయింది. అయినా రోజూ ఎవరి సాయం లేకుండా చేనుకి వెళ్ళి, నాలుగు పల్లీలు ఏరుకుని, తన కడుపు తను నింపుకునేది. “నాకు ఆ నేలలే కళ్ళురా నాయనా. అవి తీసేస్తే నేను ఒకరి చెయ్యి పట్టుకుని ఒకరి దయ మీద బతకాలి. అంతకంటే చావడం నయం,” అంది.

“నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాలే అవ్వా,” అన్నాడు నక్క బావ.

“ఎన్నాళ్ళు?”

నక్క బావ అప్పటికే పనులు పంచడం మొదలెట్టాడు. పెద్దయ్య మాత్రం ఇంకొక్క మాటన్నాడు. “సరే, మీ ఇష్టం. దొడ్డి కింద ముళ్ళొక్కటీ ఉంచండి. ఆ ఒక్కటీ.”

“భలేవాడివే! అంత నునుపు మధ్యలో ముళ్ళా? చూసినవాళ్ళు నా డిజైన్‌ని ఏమనుకుంటారు?”

చూసేవాళ్ళెవరో, ఆ చీకట్లో ఏం చూస్తారో, అడగాలని మాకెవరికీ తోచలేదు. పదిహేను రోజుల్లో పనైపోయింది. గింజలన్నీ నేనే ఊడ్చి వాగులో పోశాను. అవి నీళ్ళలో తేలుతూ పోతుంటే ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది గానీ, పైకి మాత్రం, “పీడా పోయింది,” అన్నాను.

ఇక ప్రారంభోత్సవం. పొద్దున్నే, గొర్రెలింకా దొడ్డి దాటక ముందే బయల్దేరాం. ముందు నక్క బావ, వెనక ఆయన తోక పట్టుకుని అవ్వ, తర్వాత నేను, ముళ్ళపంది వదిన, ఆమె పిల్లలు, ముంగిసలు, చివర అలుగు పెద్దయ్య. చేను దగ్గర పైకెక్కి పల్లీల విందు.

నక్క బావ నోరు ఆగితే కదా! ఒక చోట నిలబడి, “ఇదిగో, ఈ గోడ తడిమి చూడండి,” అన్నాడు. తడిమాం. ఇంకాస్త దూరం పోయాక, “ఇదిగో, ఇది ఇంకా నునుపు,” అన్నాడు. మళ్ళీ తడిమాం. అది స్టేషనో, దారిలో మలుపో తెలిస్తే ఒట్టు. అంతా ఒకేలా అలికేశాం మరి. పట్నం కబుర్లు చెబుతూ చెబుతూ ఆయన ఉన్నట్టుండి ఆగాడు.

“వచ్చేసింది చేను! నాలుగో స్టేషన్! పదండి పైకి.”

“ఒరే ఆగరా,” అంది అవ్వ. “చేను కాదిది.”

“కళ్ళు లేకుండా నీకెలా తెలుసు?”

“కళ్ళున్న నీకెలా తెలిసింది?”

“లెక్కపెట్టాను అవ్వా. ఒకటి, రెండు, మూడు, నాలుగు.”

“ఏమో నాయనా. చేనుకొచ్చేసరికి నా ఎడమ మోకాలు పట్టేస్తుంది. ఇవాళ ఇంకా నొప్పే మొదలవలేదు.”

నక్క బావ పడీ పడీ నవ్వాడు. “వినండర్రా! అవ్వ మోకాలితో స్టేషన్లు కొలుస్తోంది!” మేమూ నవ్వాం. అవ్వ నవ్వలేదు. తోక వదిలేసి, ఉన్న చోటే చతికిలబడి, నా కాలు గట్టిగా పట్టుకుంది. “నువ్వు కదిలావంటే నా మీద ఒట్టే,” అంది. నేను ఆగిపోయాను. దారి ఇరుకు, నేనాగితే వెనక అందరూ ఆగిపోయారు.

నక్క బావ ఛాతీ విరుచుకుని కన్నంలోంచి పైకెక్కాడు. డిజైన్ చేసినవాడే ముందు కాలు పెట్టాలట.

పైనుంచి ఒక్కసారి నాలుగు కుక్కల అరుపులు. ఆ వెంటనే నక్క బావ కేక. ఎంత వేగంగా ఎక్కాడో అంతకంటే వేగంగా మా మధ్యకొచ్చి పడ్డాడు. సగం తోక కుక్కల దగ్గరే ఉండిపోయింది. కుక్కలు ఊరుకుంటాయా? కన్నంలో మూతులు పెట్టి పరపరా తవ్వడం మొదలెట్టాయి. మట్టి మా నెత్తిన రాలుతోంది. ముళ్ళపంది వదిన పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. వెనక్కి తిరగాలంటే ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

“తప్పుకోండి,” అన్నాడు అలుగు పెద్దయ్య. అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చి, కన్నంలోకి ఎక్కి, ముద్దగా చుట్టుకుని మూతలాగా బిగుసుకుపోయాడు. కుక్కలు కొరికాయి, గీరాయి. పెంకులు కదల్లేదు. చివరికి కాపరి ఈల వేశాడు, గొర్రెలు కదిలాయి, కుక్కలూ వెళ్ళిపోయాయి.

పెద్దయ్య కిందికి దిగితే రెండు పెంకులు ఊడి ఉన్నాయి. నేను ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చాను. “ఏడవకే, రెండే కదా,” అన్నాడు.

మర్నాటి నుంచే తెల్లమట్టి గీకడం మొదలెట్టాం. గింజలు మళ్ళీ పోగేశాం, తొక్కలు మళ్ళీ తెచ్చాం. అవ్వ మళ్ళీ ఒంటరిగా చేనుకి వెళ్ళి వస్తోంది. కానీ నిజం చెప్పాలంటే, ఇవి ఆ గింజలు కావు. మా అమ్మ, వాళ్ళ అమ్మ, ఎందరెందరో నడిచి నడిచి నునుపు చేసిన గింజల్ని నా చేతులతో నేనే వాగుపాలు చేశాను. కొత్తవాటి మీద జారుతాను గానీ, నవ్వు రాదు.

ఇక నక్క బావ. డిజైన్ మాటెత్తడం మానేశాడు. దొడ్డి కింద ముళ్ళు పరిచే పని ఎవరూ చెప్పకుండానే తన మీద వేసుకున్నాడు. ఓ రోజు సగం పరిచి, పెద్దయ్య దగ్గరికొచ్చి, తల వంచుకుని మెల్లగా అడిగాడు.

“పెద్దయ్యా, ఇంకాస్త దగ్గర దగ్గరగా వెయ్యనా?”

నీతి: ఏ దారి కట్టినా మెచ్చుకునే కళ్ళకోసం కాదు, నడిచే కాళ్ళకోసం కట్టాలి.